నొప్పెట్టదని చెప్పడం మానేశాక: చెన్నైలో మా పాపతో ఆసుపత్రిలో 17 రోజులు

మా పాపకి ఆరేళ్ళు. పోయిన ఆగస్టులో వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ కింద సైకిల్ తొక్కుతూ పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, ఎడమ కాలికి చీలమండ పైన కాస్త కమిలింది అంతే. నాలుగో రోజుకి కాలు కింద పెట్టనంది, ఆ రాత్రి 103 జ్వరం. బెణికిందేమో అనుకుని, మా అమ్మ నెల్లూరు నుంచి ఫోన్లో చెప్పినట్టు ఉప్పు కాపడం పెట్టాను. అప్పుడు అది పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎమ్మారై తీశాక ఆస్టియోమైలైటిస్ అన్నారు, అంటే ఎముక లోపల ఇన్ఫెక్షన్, చీము. ఆపరేషన్ చేసి చీము తీయాలి, ఆ తర్వాత రోజుల తరబడి నరానికి యాంటీబయోటిక్ ఎక్కించాలి. మొత్తం 17 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. జబ్బు సంగతి డాక్టర్లు చూసుకున్నారు, పాప ఇప్పుడు పరిగెడుతోంది. నేను రాస్తున్నది ఆ 17 రోజుల్లో దానికి పడ్డ సూదుల గురించి, కట్లు మార్చడం గురించి, వాటిని అది ఎలా తట్టుకుందో, మేం ఎక్కడ తప్పు చేశామో దాని గురించి.

ముందు నా తప్పు చెప్తాను. అన్నం తినకపోతే "డాక్టర్ అంకుల్ దగ్గరికి తీసుకెళ్ళి పెద్ద సూది వేయిస్తా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మన ఇళ్ళలో అందరం అంటాం. బూచాడిని, పోలీసుని, డాక్టర్ని ఒకే గాటన కట్టి పిల్లల్ని భయపెడతాం. దాంతో పాపకి ఆసుపత్రి అంటే ఏదో తప్పు చేసినందుకు తీసుకెళ్ళే చోటు అయిపోయింది. "అమ్మా, నేను అన్నం తినేస్తా, ఇంటికెళ్దాం" అంది ఆటోలోనే. ఆ మాట విన్నప్పుడైనా నాకు వెలగాల్సింది, వెలగలేదు.

మొదట ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాం, పేరు అనవసరం. కాన్యులా, అంటే నరంలోకి మందు ఎక్కించే గొట్టం, పెట్టాలన్నారు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఇద్దరు సిస్టర్లు చేతులు, ఒక వార్డ్ బాయ్ నడుము, నేను కాళ్ళు పట్టుకున్నాం, ఆ నొప్పి కాలుతో సహా. "ఏం కాదమ్మా, ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే, నొప్పే పెట్టదు" అంటూనే ఉన్నాను. జ్వరంతో ఒళ్ళు ఎండిపోయి ఉంది, నరం దొరకలేదు. ఒకటి, రెండు, మూడు... ఐదోసారికి దొరికింది. ఐదుసార్లూ నేను "అయిపోయిందమ్మా అయిపోయింది" అనే అన్నాను, అవకపోయినా. చుట్టూ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరు కదలకు అని, ఒకరు తమిళంలో అళాదే, ఏడవకు అని, ఒకరు అటు చూడు అని. పాప మాత్రం నన్నే చూస్తోంది. ఆ రాత్రి, జ్వరం కాస్త తగ్గాక, ఏడుపు కూడా లేకుండా అడిగింది, "నువ్వు కూడా పట్టుకున్నావు కదమ్మా" అని. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు అక్కణ్ణుంచి ఒక పెద్ద పిల్లల ఆసుపత్రికి మార్చాం. అప్పటికి పరిస్థితి ఏంటంటే, యూనిఫాం కనిపిస్తే చాలు అరుస్తోంది. జ్వరం చూడ్డానికి వచ్చినవాళ్ళని, దుప్పటి మార్చడానికి వచ్చిన ఆయమ్మని, ఇడ్లీ తెచ్చిన క్యాంటీన్ అబ్బాయిని కూడా రానివ్వలేదు. ఆ రోజు సాయంత్రమే ఆపరేషన్ అయింది, మత్తులో అయింది కాబట్టి అది వేరే సంగతి. అసలు కష్టం ఆ తర్వాతే. అక్కడ ఒక సీనియర్ సిస్టర్ ఉండేవారు, తిరుత్తణి వైపు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట, కొంచెం తమిళ యాసతో. ఆవిడ పాపని పలకరించే ముందు నన్ను పక్కకి పిలిచి అడిగిన మొదటి మాట, "ఇంతకు ముందు సూది గురించి బిడ్డకి ఏమని చెప్పినారమ్మా?" అని.

చెప్పాను. ఆవిడేమీ తిట్టలేదు. "నొప్పి లేదని చెప్తిరి, బిడ్డకి నొప్పి అయింది. ఇప్పుడు మీరు నిజం చెప్పినా నమ్మదు కదా. రేపటి నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నారు. నాకు అప్పుడు కొంచెం కోపం వచ్చింది కూడా, ఆరేళ్ళ పిల్లకి నొప్పి పుడుతుందని ఎవరైనా ముందే చెప్తారా అని. కానీ వేరే దారేం కనిపించలేదు.

ఆపరేషన్ తర్వాత మొదటి కాన్యులా రెండు రోజులకే పోయింది. చెయ్యి వాచింది. కొత్తది పెట్టాలి. ఆ రోజు ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మాకు అన్నీ మారింది అక్కడే.

సిస్టర్ ముందు ఒక క్రీమ్ తెచ్చారు. లిగ్నోకైన్, ప్రిలోకైన్ రెండూ కలిసిన తెల్లటి క్రీమ్, చర్మానికి తిమ్మిరి ఎక్కించేది. రెండు చేతుల మీదా ఒక్కో చోట మందంగా పెట్టి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ అంటించారు. ఒకచోట నరం దొరక్కపోతే ఇంకోచోట ఉంటుందని రెండు చోట్లా. ఇది పని చెయ్యడానికి దాదాపు ఒక గంట పడుతుంది. పెట్టి ఐదు నిమిషాల్లో సూది పొడిస్తే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. గంట తర్వాత తీస్తే చర్మం పాలిపోయి ఉంది, అక్కడ గోరుతో నొక్కి "తెలుస్తోందా?" అని పాపనే అడిగారు. "నొక్కినట్టు తెలుస్తోంది కానీ నా చెయ్యి కాదేమో అనిపిస్తోంది" అంది. ఇదేమీ కొత్తగా వచ్చిన మందు కాదు, అంత ఖరీదూ కాదు. మొదటి చోట దీని పేరు కూడా ఎవరూ ఎత్తలేదు, నాకూ అడగాలని తెలియదు. ఒక మాట, దీన్ని డాక్టర్ని అడక్కుండా ఇంట్లో మనంతట మనం పూసెయ్యకూడదు. నెలల పిల్లలకి మోతాదు మించితే రక్తం ఆక్సిజన్‌ని మోసే పని దెబ్బతినే ప్రమాదం ఉంది. పుండు మీద కూడా పూయరు.

ఆ గంటలో సిస్టర్ ఇంకో పని చేశారు. కొత్త కాన్యులా ఒకటి తీసుకొచ్చి పాప ముందు విప్పారు. సూది బయటికి లాగేసి, మిగిలిన సన్నటి గొట్టాన్ని పాప వేలి చుట్టూ వంచారు. మెత్తగా వంగింది. "చేతిలో ఉండేది ఇదే. సూది లోపల ఉండదు, దోవ చూపించి బయటికి వచ్చేస్తుంది" అన్నారు. పాప దాన్ని తీసుకుని తనే నాలుగైదుసార్లు వంచి చూసింది. అప్పుడు నాకు అర్థమైంది, అన్ని రోజులూ అది చెయ్యిని కర్రలా బిగబట్టుకుని ఎందుకు పడుకుందో. లోపల సూది ఉందని, కదిపితే గుచ్చుకుంటుందని అనుకుంది. ఎవరినీ అడగలేదు, మేమెవరమూ చెప్పలేదు.

తర్వాత ఏమేం జరుగుతుందో వరసగా చెప్పారు. ముందు చల్లగా తడి దూది. తర్వాత రబ్బరు బ్యాండు బిగుతుగా. తర్వాత ఒక చురుక్కు, క్రీమ్ ఉంది కాబట్టి చిన్న చురుక్కు. పది లెక్కపెట్టేలోగా అది పోతుంది, పోకపోతే చెప్పు. "వలిక్కుమా?" అని అడిగింది పాప, నొప్పెడుతుందా అని. ఆసుపత్రిలో చేరిన రెండో రోజుకే అది నేర్చుకున్న తమిళం రెండు మాటలు, ఊసి అంటే సూది, వలి అంటే నొప్పి. సిస్టర్ దాని కళ్ళలోకి చూసి, "కొంజం వలిక్కుం" అన్నారు. కొంచెం నొప్పెడుతుంది. పాప ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు. కాసేపు ఆలోచించి "ఎంత కొంజం?" అంది.

మంచం మీద చెయ్యలేదు. మంచం నిద్రపోవడానికి, అక్కడ సూది వేస్తే బిడ్డకి ఇంక భయం లేని చోటు ఉండదు అని ప్రొసీజర్ రూంకి తీసుకెళ్ళారు. పడుకోబెట్టలేదు కూడా. మామూలుగా అయితే నాకు ఎదురుగా కావలించుకుని కూర్చునేట్టు పెడతారట, మా పాప కాలికి పిండికట్టు ఉంది కాబట్టి పక్కకి తిప్పి నా ఒళ్ళో కూర్చోబెట్టాను, తల నా గుండెకి ఆనించి, ఒక చెయ్యి నా వీపు వెనక, ఇంకో చెయ్యి బల్ల మీద దిండు మీద. పట్టుకోవడం అదే, బలం కూడా ఇంచుమించు అంతే, కానీ దానికి తెలిసేది అమ్మ కావలించుకుంది అని. ఏ చెయ్యి అని అడిగారు, ఎడమ చెయ్యి అని తనే చెప్పింది. చూస్తావా అటు తిరుగుతావా అంటే చూస్తా అంది. వద్దు అనే అవకాశం మాత్రం ఇవ్వలేదు, అది ఇచ్చి వెనక్కి తీసుకోవడం ఇంకా పెద్ద మోసం అన్నారు సిస్టర్. గదిలో ఒక్కరే మాట్లాడాలి అని కూడా చెప్పారు. నా గొంతు వణుకుతోందని ఆ మాట్లాడేది మా ఆయన అయ్యారు. ఆయన ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే పాప తమిళ లెక్కలో ఒణ్ణు, రెండు, మూణు అని పక్కనే పోటీగా లెక్కపెట్టింది. నాలుగు దగ్గర చురుక్కుమంది, మొహం ముడిచింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం కదపలేదు. ఎనిమిది దగ్గర గొట్టం లోపలికి వెళ్ళిపోయింది. "ఎట్టు!" అని గట్టిగా అరిచింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి దాని గొంతులో భయం లేని అరుపు విన్నాను.

నేను చేసే తప్పు ఇంకొకటి ఉందని తర్వాత చదివాక తెలిసింది. పిల్లలకి నొప్పి పుట్టే పని జరుగుతున్నప్పుడు మనం "ఏం కాదు, ఏం కాదు" అని పదే పదే ఓదారిస్తే, "సారీ తల్లీ" అని బతిమాలితే వాళ్ళ భయం తగ్గకపోగా పెరుగుతుందని దీని మీద పనిచేసినవాళ్ళు చాలా ఏళ్ళుగా చెప్తున్నారు. ఆలోచిస్తే అర్థమవుతుంది, మనం ఏం కాదు అనేది ఏదో అవుతున్నప్పుడే కదా. ఆ మాట వినగానే పాప ఒళ్ళు బిగుసుకోవడం నేనే చూశాను. వాళ్ళ మనసుని ఇంకో పని మీదికి మళ్ళించడం, లెక్కపెట్టించడం, ఊదించడం, ఇలాంటివి పని చేస్తాయి.

ఊదడం అంటే మా అమ్మ గురించి చెప్పాలి. ఆపరేషన్ మర్నాడే నెల్లూరు నుంచి రైలెక్కి సెంట్రల్లో దిగి సరాసరి ఆసుపత్రికి వచ్చింది. వచ్చీరాగానే పాప చెయ్యి పట్టుకుని "ఉఫ్... ఉఫ్... నొప్పిని కాకెత్తుకుపోయింది" అని ఊదడం మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చింది, ఇది పెద్ద ఆసుపత్రి, ఇక్కడ కూడా ఇదేంటమ్మా అన్నాను. తిరుత్తణి సిస్టర్ విని, "ఊదనీండి, కానీ అమ్మమ్మ కాదు, బిడ్డ ఊదాల" అన్నారు. పొడుగ్గా ఊపిరి వదిలితే ఒంట్లో బిగువు తగ్గుతుందట, ఊదుతూ ఊదుతూ గట్టిగా ఏడవడం కూడా కష్టమే. ఆ సాయంత్రమే అమ్మ గేటు బయట సబ్బు బుడగల డబ్బా కొనుక్కొచ్చింది. తర్వాత అన్ని రోజులూ ఆ డబ్బా ఉంది మా దగ్గర, అయిపోతే షాంపూ నీళ్ళు కలిపి నింపేది. పెద్ద బుడగ రావాలంటే నెమ్మదిగా ఊదాలి, అంటే పాపకి తెలియకుండానే ఊపిరి నెమ్మదించేది.

దెబ్బ తగిలిన చోట మనం రుద్దుకుంటామే, దానికీ ఒక లెక్క ఉందట. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పిన సిద్ధాంతం, వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది, తాకిడి, ఒత్తిడి లాంటి కబుర్లు ఆ దారిలో ముందు చేరితే నొప్పి కబురు పైకి వెళ్ళడం తగ్గుతుంది అని. అందుకే సిస్టర్ సూది వేసే చోటికి కాస్త పైన చేతిని రుద్దుతూ ఉండేవారు.

అన్నిటికంటే కష్టం డ్రెస్సింగ్. గాయం పూర్తిగా కుట్టెయ్యకుండా చీము కారడానికి కొంచెం వదిలి లోపల గాజ్ పెట్టారు. రోజు విడిచి రోజు అది తీసి కొత్తది పెట్టాలి. మొదటిసారి నొప్పి మందు సిరప్ పోసిన ఐదు నిమిషాలకే డాక్టర్ వచ్చారని కట్టు విప్పేశారు. రౌండ్స్ హడావిడి, ఎవరి తొందర వాళ్ళది. ఎండిపోయిన గాజ్ చర్మానికి అంటుకుపోయి ఉంది, లాగారు. దాని గురించి ఎక్కువ రాయలేను.

నేను ఆ రోజు మధ్యాహ్నం వెళ్ళి అడిగాను, గొడవ పెట్టుకోకుండానే, ఆ సిరప్ పని చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది అని. అరగంట, ముప్పావుగంట అన్నారు. అయితే డ్రెస్సింగ్ ఎన్నింటికో నాకు ముందే చెప్పండి, మందు టైం నేను గుర్తు చేస్తాను అన్నాను. మొహం చిట్లించుకున్నవాళ్ళు ఉన్నారు, సరేనన్నవాళ్ళూ ఉన్నారు. డాక్టర్‌తో కూడా మాట్లాడితే తర్వాతి రెండు డ్రెస్సింగులకి ఇంకాస్త గట్టి మందు రాశారు. అడగకపోతే రాసేవారు కాదేమో, నాకు తెలియదు. అడగడానికి మాత్రం చాలా జంకాను, ఎక్కడ మా పిల్లని సరిగ్గా చూడరో అని. ఆ భయం చాలామంది తల్లిదండ్రుల్లో చూశాను అక్కడ.

రెండో డ్రెస్సింగ్‌కి సిస్టర్ పాపకి ఒక పని ఇచ్చారు. సూది లేని సిరంజిలో సెలైన్ నీళ్ళు నింపి చేతికిచ్చారు. "గాజ్ తడవాల. నువ్వు తడిపితేనే నేను తీస్తా." పాప ఒక్కో చుక్క వేసింది. మొదటి చుక్కలకి గాజ్ అలాగే ఉంది, పసుపుపచ్చగా, అట్టలా గట్టిగా. పాప నాలిక బయట పెట్టి, ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టినంత శ్రద్ధగా అంచుల వెంబడే పోసుకుంటూ వెళ్ళింది. రెండు సిరంజిలు అయ్యాయి. మూడోదానికి గాజ్ మెత్తబడి ఒక మూల తనంతట తనే లేచింది. "వచ్చేస్తోంది అక్కా!" అంది. పైన ప్లాస్టర్ కూడా తనే తీసుకుంది, మేం తీస్తే పది సెకన్లు, తను తీస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆగారు సిస్టర్. లోపలి గాజ్ తీసేటప్పుడు ఏడ్చింది, ఏడవలేదని చెప్పను. "ఆపు" అంటే ఆపుతామని ముందే ఒప్పందం, చెయ్యి పైకెత్తితే ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగాలి. మూడుసార్లు ఎత్తింది. మూడుసార్లూ ఆగారు. నాలుగోసారి ఎత్తబోయి తనే దించేసుకుంది.

ఇదే పద్ధతి అందరికీ సరిపోతుందని కాదు. పక్క మంచం మీద తొమ్మిదేళ్ళ బాబు, గూడూరు వాళ్ళు. వాడు సూది వైపు చూడనే చూడడు, ఫోన్లో ఆట ఆడుకుంటూ చెయ్యి ఇచ్చేస్తాడు. మా పాపకి ఫోన్ పెడితే పక్కకి నెట్టేసేది, నా చేతికి ఏం చేస్తున్నారో నాకు తెలియాలి అనేది. ఆ బాబు వాళ్ళ నాన్న "మగపిల్లాడివిరా, ఆడపిల్లలా ఏడుస్తావా, అక్కడ చూడు ఆ పాపే ఏడవట్లేదు" అనేవారు. వాడు నిజంగానే ఏడ్చేవాడు కాదు. కానీ వాడి కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయేవి, పళ్ళు గట్టిగా కరిచి పట్టుకునేవాడు. సిస్టర్ వాడి మొహం చూడరు, కాళ్ళు చూస్తారు. మొహం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటికీ మార్కులు వేసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి ఉందట చిన్న పిల్లలకి. మాటలు వచ్చిన పిల్లలకి మొహాల బొమ్మల కార్డు. నవ్వుతున్న మొహం నుంచి ఏడుస్తున్న మొహం దాకా ఆరు బొమ్మలు, 0 నుంచి 10 దాకా. 1980లలో అమెరికాలో డోనా వాంగ్, కొనీ బేకర్ అనే ఇద్దరు పిల్లల చేతే మొహాలు గీయించి తయారుచేసింది. మా పాప ఎప్పుడూ 2 చూపించేది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూడా. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే రాత్రి నా చెవిలో చెప్పింది, ఏడుపు బొమ్మ చూపిస్తే ఇంకో సూది వేస్తారు కదా అని. మర్నాడు సిస్టర్‌కి చెప్తే, చాలామంది పిల్లలు ఇలాగే దాచుకుంటారు అని, "ఎంత నొప్పి చెప్పినా సూది వెయ్యను, నోటికే మందు, నీ గొట్టంలోనే మందు" అని పాపకి మాటిచ్చారు. ఆ రోజు 8 చూపించింది.

బొమ్మల కంటే కూడా మాకు పనికొచ్చింది మాటలు. పిల్లలకి అన్నీ నొప్పే. కూర్చుని దానికి నేర్పించాను, చురుక్కుమనడం, మంట, సలుపు, పోటు, గుంజడం, ఒక్కోటి ఎలా ఉంటుందో చేత్తో గిల్లి, నొక్కి, చర్మం లాగి చూపించి. మనకి ఇన్ని మాటలున్నాయి కదా, మరి పిల్లలకి ఎందుకు నేర్పమో. రెండు రోజుల తర్వాత మందు ఎక్కుతుంటే "మంటగా వెళ్తోంది" అంది. దాని మందు క్లాక్సాసిల్లిన్, నరాన్ని మండిస్తుంది, సిస్టర్ చుక్కల వేగం తగ్గిస్తే మంట తగ్గింది. ఇంకోసారి "మంట కాదమ్మా, గుంజుతోంది" అంది. ప్లాస్టర్ తీసి చూస్తే చెయ్యి అప్పుడే వాపు మొదలవుతోంది, మందు నరం బయటికి పోతోంది. వెంటనే ఆపారు. ఆ మాట రాకపోతే మోచెయ్యి దాకా వాచేది.

అదే వార్డులో సూళ్ళూరుపేట నుంచి ఒక అమ్మాయి నెల బిడ్డతో ఉండేది. బిడ్డకి రక్తం తీయాలి. వాళ్ళ అత్తగారు "నెల పిల్లకేం తెలుస్తుంది, బయటికి రామ్మా, నువ్వు చూడలేవు" అంటే, సిస్టర్ తల్లిని అక్కడే కూర్చోబెట్టి పాలు ఇప్పిస్తూ తీశారు. బిడ్డ ఒక్కసారి కేర్‌మని మళ్ళీ పాలల్లో పడిపోయింది. పాలివ్వడం కుదరకపోతే రెండు నిమిషాల ముందు చక్కెర నీళ్ళు నాలిక మీద వేస్తారట, ఇంట్లో కలిపేది కాదు, ఆసుపత్రిలో కొలతతో ఇచ్చేది. పసిపిల్లలకి నొప్పి తెలియదు అని మా అత్తగారి తరం అనుకోవడంలో వింత లేదు, డాక్టర్లే అనుకున్నారు. 1980ల దాకా నెలలు నిండని పిల్లలకి గుండె దగ్గర ఆపరేషన్లు కూడా సరైన నొప్పి మందు లేకుండా, కదలకుండా ఉండే మందు మాత్రం ఇచ్చి చేసినవి ఉన్నాయి. మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కె.జె.ఎస్. ఆనంద్ అనే డాక్టర్, నొప్పి మందు ఇచ్చిన పసిపిల్లలు ఇవ్వనివాళ్ళ కంటే ఆపరేషన్ తర్వాత బాగా కోలుకుంటున్నారని 1987లో చూపించాకే మార్పు మొదలైంది. ఒక రాత్రి పాప నిద్రపోయాక ఫోన్లో ఇది చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు. నేను పుట్టింది 1986లో.

పదో రోజు రాత్రి రెండింటికి కాన్యులా మళ్ళీ పోయింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ కొత్తమ్మాయి, ఒక్కతే, పన్నెండు మంచాలు. మందు టైం అయిపోతోంది, క్రీమ్ పెట్టి గంట ఆగడం కుదరదు అంది. నాకు ఆమెని చూస్తే జాలి వేసింది, కానీ పాప అప్పటికే లేచి క్రీమ్ డబ్బా చేత్తో పట్టుకుని కూర్చుంది. డ్యూటీ డాక్టర్‌ని పిలిపించమని అడిగాను. ఆయన వచ్చి చూసి, జ్వరం లేదు, ఈ డోసు గంట ఆలస్యమైతే పర్వాలేదు అన్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గంట ఆగడం కుదరదని నాకు తెలుసు. కానీ ఎప్పుడు ఆగొచ్చో డాక్టర్‌కే తెలుస్తుంది, ఆ ప్రశ్న ఆయన దాకా వెళ్ళాలి. ఆ గంటా ముగ్గురం చీకట్లో బుడగలు ఊదుకుంటూ కూర్చున్నాం.

పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ దాని చేతులు రెండూ తిప్పి చూశారు. ఇంకా వారం మందు ఉంది, నరాలు అయిపోతున్నాయి, పిక్ లైన్ వేద్దాం అన్నారు. మోచేతి పైన నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా సన్నటి పొడుగు గొట్టం, స్కానింగ్‌లో చూసుకుంటూ మత్తు ఇచ్చి పెడతారు. అది ఉంటే మందుకి సూది అక్కర్లేదు, రక్తం కూడా చాలావరకు దాన్నుంచే తీయొచ్చు. మత్తుకి ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. ఇదీ అడిగి తెలుసుకున్నదే, లేకపోతే అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా పట్టకుండా ఎండబెట్టేదాన్ని. పెట్టాక మిగిలిన ఏడు రోజులూ ఒక్క సూది లేదు. మొదటి రోజే ఇన్ని రోజుల మందు అని తెలుసు కదా, అప్పుడే ఎందుకు పెట్టలేదు అని మాత్రం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. దానికి ఇన్ఫెక్షన్ రిస్క్ ఉంటుంది, ప్రతి పిల్లకీ పెట్టరు అన్నారు. నిజమే కావచ్చు. మూడో నాలుగో రోజు మేమైనా అడిగి ఉండాల్సింది.

ఇంకొక్కటి. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ, ఫోన్ చేసిన వాళ్ళందరికీ మొదటి రోజు ఐదు పోట్ల కథ నేను పాప ముందే చెప్పేదాన్ని. "పాపం ఎంత అల్లాడిపోయిందో, నలుగురం పట్టుకోవాల్సొచ్చింది" అని. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త పెద్దదయ్యేది, పాప వింటూ ఉండేది. నొప్పి ఎంత పుట్టిందన్నది ఒకెత్తు, అది ఎంతగా గుర్తుందన్నది ఇంకొకెత్తు, తర్వాతి సూదికి పిల్లలు భయపడేది ఆ గుర్తున్న దాన్ని బట్టే అని దీని మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్తున్నారు. ఆ కథ చెప్పడం ఆపేశాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది తననే చెప్పమనేదాన్ని. ఏడ్చింది కూడా చెప్పేది, "కానీ చెయ్యి కదపలా" అనేది చివర. చెయ్యి కదపలేదు, గాజ్ నేనే తడిపా, మూడుసార్లే చెయ్యెత్తా. ఆ మూడు మాటలూ రోజూ చెప్పుకుని పడుకునేది. ఆ ఐదు పోట్ల రాత్రి గురించి మాత్రం, డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక ఒక రోజు, "ఆ రోజు పట్టుకున్నందుకు కాదు, నొప్పెట్టదని అబద్ధం చెప్పినందుకు తప్పు నాది" అని చెప్పాను. "ఊఁ" అంది. బొమ్మకి కట్టు కడుతోంది అప్పుడు, ముందు తడి దూదితో తుడిచి.

మొన్న అక్టోబర్లో చెకప్‌కి రక్త పరీక్ష రాశారు. ఇంటి దగ్గర ల్యాబ్‌కి వెళ్ళాం, డాక్టర్‌ని అడిగి, గంట ముందే క్రీమ్ పెట్టుకుని వెళ్ళాం. రక్తం తీసే అబ్బాయి మంచివాడే, నవ్వుతూ పలకరించాడు. పాప నా ఒళ్ళో కూర్చుని వాణ్ణి అడిగింది, "అన్నా, వలిక్కుమా?"

"వలిక్కవే వలిక్కాదు చెల్లం" అన్నాడు, అస్సలు నొప్పెట్టదు బంగారం అని.

పాప చెయ్యి వెనక్కి తీసుకుంది. "లేదు. కొంజం వలిక్కుం" అంది. వాడు ఒక క్షణం దాని మొహంలోకి చూసి, సూది ట్రేలో పెట్టేసి, "సరి మా. కొంజం వలిక్కుం" అన్నాడు. అప్పుడు ఎడమ చెయ్యి చాపి, ప్లాస్టర్ మూల తనే గోరుతో లేపడం మొదలుపెట్టింది.